డిగ్రీ పిల్లల డౌట్లకి మీ జిల్లా ఎడిషన్లో కొంచెం చోటివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కావలిలో బీఎస్సీ ఆనర్స్ ఫిజిక్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను, మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచి మీ పేపరే వేయించుకుంటున్నాం, ఎడ్యుకేషన్ పేజీ అయితే నేను వదలకుండా చూస్తాను. అందులో ఈఏపీసెట్ బిట్లు ఉంటాయి, నీట్ ఉంటుంది, గ్రూప్ టూ, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు అన్నీ ఉంటాయి, టెన్త్ వాళ్ళకి పరీక్షల ముందు మోడల్ పేపర్లు కూడా వేస్తారు, డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివేవాళ్ళకి మాత్రం ఏమీ ఉండదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా. నేను అడిగేది ఒకటే సార్, మన జిల్లా ఎడిషన్లో వారానికి ఒకసారి ఒక్క లెక్కకి చోటివ్వండి. డిగ్రీ పిల్లలు ఎక్కడో ఆగిపోయిన లెక్క, వాళ్ళు ఎంతవరకు చేశారో దాంతో సహా వేయండి, తర్వాతి వారం పాఠకులు పంపిన వాటిల్లో బాగా అర్థమయ్యేట్టు ఉన్నది ఒకటి వేయండి.

ఇంటర్లో ఉన్నప్పుడు మాకీ ఇబ్బంది లేదు. స్టడీ అవర్లో లెక్చరర్ అక్కడే కూర్చుని ఉంటాడు, చెయ్యెత్తితే వస్తాడు, ఆ చదువు మీద ఎవరికి ఎన్ని కంప్లైంట్లున్నా డౌటు మాత్రం ఆ రాత్రికి తీరిపోయేది. డిగ్రీకొచ్చాక అది పోయింది. మా క్లాసులో చాలామంది పల్లెల నుంచి వస్తారు, కలిగిరి, కొండాపురం, జలదంకి, దగదర్తి, అల్లూరు, ఇంకా ఉదయగిరి దాకా, క్లాసు అయ్యీ అవగానే బస్టాండుకి పరిగెత్తాలి, ఆ బస్సు తప్పితే ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, ఇంట్లో ఆడపిల్లల్ని ఊరుకోరు. మా సార్లు మంచివాళ్ళే, అడిగితే విసుక్కోకుండా చెప్తారు, కానీ సెమిస్టర్లో సిలబస్ అయిపోవాలి, ల్యాబులు అవ్వాలి, ఇంటర్నల్స్ పెట్టాలి, వాళ్ళకీ గంట మిగలదు మాకూ మిగలదు.

దీనికి తోడు ఇంకో రెండు సమస్యలున్నాయి. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం అయింది, టెన్త్ దాకా తెలుగులో చదివినవాళ్ళకి లెక్క చేసే తెలివి ఉన్నా ప్రశ్నలో ఏమడిగాడో తేల్చుకునే లోపలే సగం టైం అయిపోతుంది, అది అడగడానికి సిగ్గు, ఇంత చిన్నది కూడా తెలీదా అంటారేమోనని. రెండోది 2023-24లో వచ్చిన సింగిల్ మేజర్ పద్ధతి. మా అక్క వాళ్ళ కాలంలో ఎంపీసీ అంటే మూడూ సమానంగా నడిచేవి, మాకొచ్చేసరికి ఫిజిక్స్ మేజర్, మ్యాథ్స్ మైనర్. మెకానిక్స్ క్లాసులో సార్ బోర్డు మీద డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాసేటప్పటికి మాకు మ్యాథ్స్‌లో అది ఇంకా మొదలే కాలేదు, గ్రేడియెంట్, కర్ల్ అన్నవి కూడా అంతే, ముందు వాడేశాం, తర్వాత ఎప్పటికో అవి ఏంటో చదువుకున్నాం. ఇట్టాంటప్పుడు పక్కన అడగడానికి ఒక మనిషి ఉండాలి కదా సార్.

ఫోన్ ఉందిగా అంటారు చాలామంది. ఉంది, లెక్కని ఫొటో తీసి పెడితే స్టెప్పులతో సహా జవాబు వచ్చేస్తుంది, మా క్లాసులో అందరం వాడతాం. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన ఎన్‌పీటీఈఎల్ వీడియోలు కూడా ఉచితంగా ఉన్నాయి, నేను వేవ్స్ చాలా వరకు అట్టాగే నేర్చుకున్నాను, ఎవరికైనా చూడమనే చెప్తాను. కానీ ఆ వీడియో నన్ను ఎదురు ప్రశ్న వేయదు, ఫోన్లో వచ్చే జవాబు నా నోట్సులో నేనెక్కడ ఆగానో చూడదు. జవాబు చూసి రాసుకున్న లెక్క, పరీక్షలో ఒక్క అంకె మార్చి ఇస్తే మళ్ళీ అక్కడే ఆగుతుంది. ఇది నేను మా క్లాసులో ప్రతి సెమిస్టర్ చూస్తున్నా.

ఎదురు ప్రశ్న అంటే ఏందో చెప్తా. మా వీధిలో రిటైరైన మ్యాథ్స్ మేష్టారు ఒకాయన ఉన్నారు, నేనూ మా ఫ్రెండూ అప్పుడప్పుడు సాయంత్రం పూట వెళ్తాం, ఆయన పెన్ను పట్టుకోరు, మా నోట్సే మమ్మల్ని పైకి చదవమంటారు. ఒకసారి పట్టుకెళ్ళిన లెక్క ఇది, డీవై బై డీఎక్స్ ఈజ్ ఈక్వల్ టు మూడు ఇంటూ వై పవర్ టూ బై త్రీ, ఎక్స్ సున్నా అయినప్పుడు వై కూడా సున్నా. వై ఉన్నవన్నీ ఒక పక్కకి తెచ్చి ఇంటిగ్రేట్ చేస్తే వై ఈక్వల్ టు ఎక్స్ క్యూబ్ అని శుభ్రంగా వస్తుంది, పుస్తకంలో మాత్రం ఒకటి కంటే ఎక్కువ సొల్యూషన్లు ఉన్నాయని చూపమన్నాడు, రెండోది ఎక్కడుందో మాకు తెలీట్లేదు. ఆయన అంతా విని ఒకటే అడిగారు, "ఒక పక్కకి తెచ్చేటప్పుడు దేంతో భాగించారమ్మా?" వై పవర్ టూ బై త్రీతో సార్ అన్నాం. "అది సున్నా అయ్యే అవకాశం ఉందా?"

అంతే. ఎక్స్ ఎంతున్నా వై సున్నాగానే ఉండిపోవడం కూడా ఒక సొల్యూషనే, రెండు పక్కలా సరిపోతుంది, మనం భాగించిన క్షణంలోనే దాన్ని బయటికి తోసేశాం. మేం సంతోషంగా లేవబోతుంటే "రెండేనా, ఇంకా ఉన్నాయేమో దారిలో ఆలోచించుకుంటా పోండి" అన్నారు. నిజంగానే ఉన్నాయి, వై కొంతదూరం సున్నా మీదే నడిచి ఏ పాయింట్ దగ్గర కావాలంటే అక్కడ క్యూబ్‌గా పైకి లేవచ్చు, లేచే చోట స్లోప్ సున్నానే కాబట్టి ఎక్కడా తేడా రాదు, అంటే సొల్యూషన్లకి లెక్కే లేదు. ఒక ప్రశ్న మీద మాకు ఆ చాప్టర్ మొత్తం అర్థమయింది. ఇట్టాంటి మేష్టార్లు మన జిల్లాలో ఎంతోమంది ఉండుంటారు సార్, కావలిలో, నెల్లూరులో, ఆత్మకూరులో, కోవూరులో, వాళ్ళకి చెప్పాలని ఉంటుంది, మాకు అడగాలని ఉంటుంది, ఎవరు ఎక్కడున్నారో తెలీదు. ఆ మేష్టార్లలో చాలామంది ఫోన్లో ఏం చూస్తారో నాకు తెలీదు గానీ పొద్దున్నే పేపర్ మాత్రం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతారు, శాఖా గ్రంథాలయంలో కూడా పొద్దున వెళ్తే పేపర్ల టేబుల్ చుట్టూ వాళ్ళే ఉంటారు. నేను ఇంకెవర్నీ అడక్కుండా మిమ్మల్ని అడగడానికి కారణం ఇదే.

అడిగేవాళ్ళ గురించి చెప్పాను, చెప్పేవాళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ఇప్పుడు జూనియర్లకి చెప్తున్నాను, నా చదువు అసలు అక్కడే గట్టిపడింది. మొన్నీమధ్య ఫస్టియర్ అబ్బాయి ఒకడు రాకెట్ లెక్క తెచ్చాడు. శ్రీహరికోట 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనకది పరాయిది అవుతుందా, రాకెట్ పోయే రోజు నెల్లూరులో జనం మిద్దెలెక్కి చూస్తారు. ఆ అబ్బాయి అడిగింది ఇది, "అక్కా, బయటి ఫోర్స్ లేకపోతే మొమెంటం మారదు కదా, మొమెంటం అంటే మాస్ ఇంటూ వెలాసిటీ, ఇంధనం కాలి మాస్ సగమైతే వెలాసిటీ డబుల్ అవ్వాలి, మరి పుస్తకంలో లాగరిథం ఎందుకు వచ్చింది?"

చాలా మంచి డౌటు ఇది, పుస్తకాల్లో ఫార్ములా తెచ్చేస్తారు గానీ ఈ దారి ఎందుకు కుదరదో చెప్పరు. నేను వెంటనే డెరివేషన్ రాసిచ్చి ఉంటే ఐదు నిమిషాల్లో అయిపోయేది, వాడు థాంక్స్ అక్కా అని వెళ్ళిపోయేవాడు, డౌటు వాడితోనే వెళ్ళేది. అందుకని నీ ఫార్ములాలో మొదట ఆగి ఉన్న రాకెట్‌ని పెట్టి చూడు అన్నాను. మొదటి వెలాసిటీ సున్నా అయితే మొమెంటం సున్నా, మాస్ ఎంత తగ్గినా వెలాసిటీ సున్నానే, అంటే ఆ లెక్క ప్రకారం ఆగి ఉన్న రాకెట్ ఎప్పటికీ కదలదు. వాడు కాసేపు చూశాడు. అప్పుడు, మారకూడదు అన్నావే ఆ మొమెంటం ఎవరెవరిది అని అడిగా. రాకెట్‌ది అన్నాడు, మళ్ళీ వాడే ఆగి వెనక్కి పోయిన గ్యాస్ కూడా లెక్కలో ఉండాలి కదక్కా అన్నాడు. అక్కడి నుంచి నేను మాట్లాడలేదు, చిన్న ముక్క గ్యాస్ బయటికి పోతే రాకెట్ వేగం ఎంత పెరుగుతుందో వాడే రాశాడు, వాడే ఇంటిగ్రేట్ చేశాడు, ఎగ్జాస్ట్ వెలాసిటీ (గ్యాస్ వెనక్కి పోయే వేగం) ఇంటూ లాగ్ ఆఫ్ మొదటి మాస్ బై మిగిలిన మాస్ అని వచ్చింది.

తర్వాత అంకెలు వేసుకున్నాం. గ్యాస్ సెకనుకి 3 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే, రాకెట్ మాస్‌లో పదో వంతు మాత్రమే మిగిలేదాకా కాల్చినా, 10కి నేచురల్ లాగ్ 2.303 కాబట్టి వచ్చే వేగం 6.9 కిలోమీటర్లే. భూమికి దగ్గరి కక్ష్యలో తిరగాలంటేనే సెకనుకి దాదాపు 7.8 కావాలి, పైగా గాలీ గ్రావిటీ తినేది వేరే, అందుకే ఖాళీ అయిన స్టేజీని వదిలేసి బరువు తగ్గించుకుంటా పోతారు. ఎప్పట్నుంచో టీవీలో మొదటి దశ విడిపోయింది, రెండో దశ విడిపోయింది అని వింటున్నదానికి లెక్క ఇదన్నమాట అని వాడి మొహం వెలిగిపోయింది. వాడికంటే నాకే ఎక్కువ సంతోషమయింది, ఎందుకంటే ఆగి ఉన్న రాకెట్‌తో పరీక్షించాలనే ఆలోచన వాడు అడిగేదాకా నాకు కూడా లేదు.

అందుకే పేపర్లో లెక్క వేసినప్పుడు పిల్లలు ఎంతవరకు వచ్చారో తప్పకుండా వేయమంటున్నాను. ఉత్త ప్రశ్న వేస్తే ఉత్త జవాబే వస్తుంది. ఇక్కడిదాకా వచ్చాను, ఇది నాకిట్టా కనిపిస్తోంది, పుస్తకంలో అట్టా ఉంది, ఈ రెండూ ఎందుకు కలవట్లేదు అని రాస్తే చెప్పేవాళ్ళకి ఎక్కడ వేలు పెట్టాలో తెలుస్తుంది. ఆ రాసే పనిలో సగం డౌట్లు వాటంతట అవే తీరిపోతాయి కూడా, అది వేరే లాభం.

పేపర్లో, పత్రికలో లెక్కలు వేసి పాఠకుల్ని అడగడం మన దగ్గర కొత్తేమీ కాదు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని 1907లో మొదలుపెట్టిన వి. రామస్వామి అయ్యర్ డిప్యూటీ కలెక్టర్‌గా చేసినాయన, వాళ్ళ జర్నల్లో ప్రశ్నలు వేసేవాళ్ళు, చదివినవాళ్ళు జవాబులు పంపేవాళ్ళు. శ్రీనివాస రామానుజన్ 1911లో అందులో ఒక ప్రశ్న పంపించాడు, రూట్ లోపల ఒకటి ప్లస్ రెండు ఇంటూ రూట్, ఆ రూట్ లోపల ఒకటి ప్లస్ మూడు ఇంటూ ఇంకో రూట్, అట్టా ఎప్పటికీ ఆగకుండా పోతే విలువెంత అని. ఆరు నెలలు చూసినా ఎవరూ జవాబు పంపకపోతే ఆయనే చెప్పాడు, 3 అని. 3 అంటే 9కి రూట్, 9 అంటే 1 ప్లస్ రెండు నాలుగులు, ఆ 4 అంటే 16కి రూట్, 16 అంటే 1 ప్లస్ మూడు ఐదులు, ఆ 5 అంటే 25కి రూట్, 25 అంటే 1 ప్లస్ నాలుగు ఆరులు, ఇట్టా విప్పుకుంటా పోవచ్చు. టెన్త్ పిల్లలకి కూడా అర్థమవుతుంది చూడండి.

ఇందులో మన నెల్లూరుకి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది, ఇది మన జిల్లాలో ప్రతి స్కూల్లో చెప్పాలని నా కోరిక. 1910 చివర్లో రామానుజన్ చేతిలో నోట్‌బుక్ పెట్టుకుని, ఉద్యోగం లేక, సాయం కోసం వెళ్ళి కలిసిన ఆర్. రామచంద్రరావు అప్పట్లో నెల్లూరు జిల్లా కలెక్టర్, ఆయనకి లెక్కలంటే ప్రాణం, మ్యాథమెటికల్ సొసైటీ సెక్రటరీ కూడా. మొదటిసారి రామానుజన్ చెప్పింది ఆయనకి అర్థం కాలేదు, ఇందులో విషయం ఉందో లేదో తేల్చుకోలేక మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళినప్పుడు రామానుజన్ ఏం చేశాడంటే, ఎదుటి మనిషికి ఎంతవరకు తెలుసో కనిపెట్టి ముందు తేలికైనవి చూపించాడు, అక్కడి నుంచి ఒక్కో మెట్టు ఎక్కిస్తూ ఎలిప్టిక్ ఇంటిగ్రల్స్ అనే కష్టమైన లెక్కల దాకా తీసుకెళ్ళాడు. కలెక్టర్ గారే తర్వాత ఈ సంగతి రాశారు. ఆ తర్వాత కొన్నాళ్ళు నెలనెలా డబ్బు పంపించి రామానుజన్ మద్రాసులో ఉండి లెక్కలు చేసుకునేట్టు చూసిందీ ఆయనే. అంతటి రామానుజన్ ఎదుటివాళ్ళ కోసం తేలికైన చోటికి దిగొచ్చి చెప్పాడు, అంతటి కలెక్టర్ అర్థం కాలేదని దాచుకోకుండా మళ్ళీ చెప్పించుకున్నాడు. మా పిల్లలు డౌటు అడగడానికి సిగ్గుపడేటప్పుడు నేను చెప్పేది ఈ సంగతే.

మీకు వచ్చే ఇబ్బందులు కూడా ఆలోచించాను. లెక్కల గుర్తులు తెలుగు ఫాంట్లతో కలిపి కంపోజ్ చేయడం కష్టమంటారు, చేత్తో రాసిన పేజీని ఫొటో తీసి అట్టాగే వేయండి, చేతిరాత చూస్తే పిల్లలకి ఇంకా ధైర్యం వస్తుంది. సరిచూసేది ఎవరంటే, కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ ఉంది, ఊరూరా డిగ్రీ కాలేజీలున్నాయి, మీ పేపర్ వాళ్ళు అడిగితే నెలకి నాలుగు లెక్కలు చూసిపెట్టడానికి లెక్చరర్లు దొరక్కపోరు. పక్క జిల్లాల ఎడిషన్లలో కూడా అదే లెక్క వేయొచ్చు, మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు పిల్లలకి మాకంటే బస్సులు ఇంకా కష్టం. భాష విషయంలో మాత్రం నా మాట వినండి, లెక్క తెలుగులో, మాటలు మేం క్లాసులో అనుకునేవే, వెలాసిటీని వెలాసిటీ అనండి, ఇంటిగ్రేషన్ని ఇంటిగ్రేషన్ అనండి. బహుమతులు వద్దు, బహుమతి పెడితే ఫోన్లో చూసి పంపేవాళ్ళు ఎక్కువైపోతారు. పంపినవాళ్ళ ఊరి పేరు వేస్తే చాలు, జలదంకి నుంచి ఒకరు జవాబు పంపారని చూస్తే ఆ ఊళ్ళో ఇంటర్ చదివే పిల్ల వాళ్ళింటికి వెళ్ళి తలుపు కొడుతుంది, నాకు కావాల్సింది అదే.

మీరు ఒప్పుకుంటారనే నమ్మకంతో మొదటి వారానికి లెక్క కూడా పంపిస్తున్నా. మా చిన్నాన్న అల్లూరు వైపు రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తాడు, అక్కడి సిమెంటు ట్యాంకులకి గోడలు నిలువుగా ఉంటాయి, నీళ్ళు అడుగున ఉన్న పైపు నుంచి వదుల్తారు. సగం లోతు దిగడానికి 20 నిమిషాలు పట్టింది, మిగతా సగానికి ఇంకో 20 అనుకుంటే ఎప్పుడూ కుదరదు, ఎంత పడుతుందో మీ ఫిజిక్స్ చెప్తుందా అన్నాడు. చెప్తుంది. కింద నుంచి నీళ్ళు పోయే వేగం పైనున్న లోతుకి స్క్వేర్ రూట్ లెక్కన ఉంటుంది, దాన్ని ఇంటిగ్రేట్ చేస్తే కింది సగానికి పై సగం కంటే 2.414 రెట్లు టైం పడుతుంది, అంటే దాదాపు 48 నిమిషాలు, పైపులో రాపిడి లాంటివి వదిలేస్తే. అదే ట్యాంకు గరాటులాగా కిందికి సన్నబడి మొన దేలి ఉంటే తిరగబడుతుంది, పై సగానికి 20 నిమిషాలైతే కింది సగం నాలుగు నిమిషాల పైచిలుకులో అయిపోతుంది.

ఇక్కడిదాకా మా జూనియర్లు చేశారు, ఆగింది దీని తర్వాత. నిలువు గోడల ట్యాంకులో నీటి మట్టం పోనుపోను నెమ్మదిస్తుంది, గరాటులో పోనుపోను వేగం పెరుగుతుంది, మరి ఈ రెండిటికీ మధ్యలో నీటి మట్టం మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో దిగే ట్యాంకు ఒకటి ఉండాలి కదా, గోడ మీద సమానంగా గీతలు గీసి టైం చూసుకునేట్టు. ఆ ట్యాంకు అడ్డకోత గుండ్రంగా ఉందనుకుంటే, ఎత్తుతో పాటు దాని వ్యాసార్థం ఎట్టా మారాలి?

ఇట్లు,
బీఎస్సీ ఆనర్స్ ఫిజిక్స్ విద్యార్థిని,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా